మాఘమాసపు ఓవర్‌క్లాక్ వైశాఖంలో నిలబడదు

కొత్త బయోస్ (కంప్యూటర్‌ను మేల్కొలిపే, మదర్‌బోర్డు మీది ప్రోగ్రాము) వేశాక, ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పిన వేగానికి మించి పరిగెత్తిస్తూ ఏడాదిగా నడుస్తున్న ఓవర్‌క్లాక్ నిలబడడం లేదని, సిస్టమ్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోందని, పాత వెర్షన్‌కు వెనక్కి వెళితే సరిపోతుందా అని అడిగారు. వెళ్లవచ్చు. కానీ సరిపోదు. ఇంత గట్టిగా చెప్పడానికి నేనేమీ ఇంజనీరును కాను, తెనాలిలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసుకునేవాణ్ణి. కాకపోతే మీరు చేయబోతున్న పనే చేసి నాలుగు రోజులు షాపు మూసుకున్నాను.

అది 2019 వేసవి. అంతకుముందు చలికాలంలో ఆరు కోర్ల ప్రాసెసర్ కొన్నాను. అన్ని కోర్లూ కలిసి పనిచేసేటప్పుడు కంపెనీ లెక్క ప్రకారం 4.3 గిగాహెర్ట్జ్‌లో నడవాలి. నేను 1.32 వోల్టులు ఇచ్చి 4.8కి లాగాను. రాత్రంతా స్ట్రెస్ టెస్ట్ పెట్టి, అంటే ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసి, తెల్లవారి లేచి పాలు పొంగాయా లేదా అని చూసినట్టు చూసుకున్నాను. నిక్షేపంగా ఉంది. మాఘమాసం ముహూర్తాల పని మొత్తం దాని మీదే చేశాను, విండోస్ ఆగిపోతే వచ్చే నీలం తెర ఒక్కసారి కూడా రాలేదు.

ఏప్రిల్ చివర్లో మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో కొత్త బయోస్ కనిపించింది. పక్కన వివరణ ఒకటే ముక్క: స్థిరత్వం మెరుగుపరిచాము. ఈ వాక్యం రాసేవాళ్లు ఎదురుపడితే నాలుగు అడగాలని ఉంటుంది నాకు. డాక్టరు మందు పేరు రాయకుండా చీటీ మీద ‘ఆరోగ్యం బాగుపడును’ అని రాసి పంపితే ఊరుకుంటామా? ఏ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపాలను సరిదిద్దే చిన్న ప్రోగ్రాము) చేర్చారు, వోల్టేజీ లెక్కలు ఏమైనా మార్చారా, వెనక్కి వచ్చే దారి ఉంచారా మూసేశారా, ఒక్కటీ చెప్పరు.

సరే, వేశాను. సెట్టింగులన్నీ చెరిగిపోయాయి. దాచుకున్న ప్రొఫైల్‌ను కొత్త వెర్షన్ ఒప్పుకోలేదు. నోటు పుస్తకంలో రాసుకున్నవి చూసి ఒక్కొక్కటే మళ్లీ పెట్టాను. అప్పుడే వైశాఖం పెళ్లిళ్ల పని మీద పడింది. నాలుగు గంటల వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే డెబ్బై శాతం దగ్గర రీస్టార్ట్. మళ్లీ పెడితే అరవై దగ్గరే. ఆ నాలుగు గంటల వీడియోను ఎవరూ రెండోసారి చూడరు, అది వేరే సంగతి. భోజనాల బంతి మాత్రం ఒక్క విస్తరి కూడా కత్తిరించకూడదంటారు, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో లెక్క తేల్చుకోవడానికి. పెళ్లికూతురి మేనమామ ఫోన్ చేసి, “తమ్ముడూ, శుక్రవారం అమ్మాయి విమానం ఎక్కుతోంది, హార్డ్‌డిస్కు చేతిలో పెట్టాలి” అన్నాడు. అప్పటికి సోమవారం.

నేరం బయోస్‌దే అని తీర్మానించాను. మొన్నటిదాకా నడిచింది, బయోస్ మార్చాను, ఆగింది. ఇంకేం సాక్ష్యం కావాలి? రాత్రి పదకొండు గంటలకు పాత ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి పెడితే, ఇది ఇప్పుడున్న దానికంటే పాతది, తీసుకోను అంది బోర్డు. చాలా బోర్డులు ఇంతే. నెట్‌లో ఎవరో చెప్పిన చిట్కాతో డాస్ పెన్‌డ్రైవ్ తయారుచేసి బలవంతంగా ఎక్కించడం మొదలుపెట్టాను. నలభై శాతం దాటిందో లేదో ఈదురుగాలి లేచింది. కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది. దాని బ్యాటరీ పోయి ఆరు నెలలైంది, కరెంటు పోగానే ‘కీ’ మని ఒక్క అరుపు అరిచి తనూ పడుకుంటుంది. ఆ రాత్రి కూడా తన ధర్మం తాను నిర్వర్తించింది.

కరెంటు వచ్చాక చూస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. నాణెమంత సెల్ ఊడదీశాను, జంపర్ కలిపాను, గంటసేపు ప్లగ్గు పీకి ఉంచాను. ఇవన్నీ దండగ. సెల్ తీస్తే చెరిగేవి సెట్టింగులే. బయోస్ అనే ప్రోగ్రాము ఉండేది ఎనిమిది కాళ్ల మరో చిప్పులో. అందులో ఇప్పుడు సగం కొత్తది, సగం పాతది. బోర్డు చచ్చినా పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించుకునే ఫ్లాష్‌బ్యాక్ బటన్ కొన్ని బోర్డులకు ఉంటుంది. వెయ్యి రూపాయలు మిగిలాయని అది లేని మోడల్ కొన్నాను నేను.

మర్నాడు కూలర్, ర్యామ్ ఊడదీయకుండానే బోర్డును మా ఆవిడ నూలు చీరలో చుట్టి పొద్దున్నే విజయవాడ రైలెక్కాను. గవర్నరుపేటలో ఒక మేడ మీద, ల్యాప్‌టాప్ బోర్డులు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. ఏమైందని కూడా అడగలేదు. చిప్పు మీద క్లిప్పు పెట్టి, సీహెచ్341ఏ అనే చిన్న ప్రోగ్రామర్‌తో లోపలున్నది రెండుసార్లు చదివాడు. రెండు కాపీలూ కలవలేదు. చిప్పు కాళ్లను స్పిరిట్‌తో తుడిచి మళ్లీ చదివితే అప్పుడు కలిశాయి. “పాడైందైనా సరే, ముందు కాపీ దాచాలి బాబూ, ఆ తర్వాతే కొత్తది రాయాలి” అన్నాడు. ఎందుకో తర్వాత తెలిసింది. లాన్ పోర్టు మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య), బోర్డు సీరియల్ నంబరు నా బోర్డులో ఆ చిప్పులోనే ఉన్నాయి. వాటిని పాత కాపీలో నుంచి ఏరి, కంపెనీ ఫైలులో అతికించి, సరిగ్గా 16 మెగాబైట్లు ఉందని చూసుకుని రాశాడు. తన ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె) తగిలించగానే తెర వెలిగింది. పాత బయోస్, నా 4.8, అరగంట స్ట్రెస్ టెస్ట్, ఒక్క తప్పు లేదు. చెప్పానా, బయోస్‌దే తప్పు అన్నాను. ఆయన నా వంక చూసి, “మీ షాపులో ఏసీ ఉందా?” అని అడిగాడు. లేదన్నాను. నవ్వాడు కానీ ఏమీ అనలేదు.

ఇంటికొచ్చి ఎక్స్‌పోర్ట్ పెడితే అరవై అయిదు శాతం దగ్గర రీస్టార్ట్.

అప్పుడు గానీ ఉష్ణోగ్రత గ్రాఫు తెరిచి చూడాలని తోచలేదు. మాఘమాసంలో 80 డిగ్రీలు దాటని ప్రాసెసర్ ఇప్పుడు 97 తాకుతోంది. షాపు పడమటి గోడకు ఆనించి క్యాబినెట్, ఆ గోడ మీద సాయంత్రం దాకా ఎండ. గదిలో పెరిగిన ప్రతి డిగ్రీ దాదాపుగా అలాగే ప్రాసెసర్ మీద కూడా పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు 1.32 వోల్టులతో సరిపెట్టుకున్న కోర్లు వేడెక్కితే ఇంకొంచెం కావాలంటాయి, ఇస్తే ఇంకా వేడెక్కుతాయి. 4.3కి దించాను. వీడియో పూర్తయింది, గురువారం రాత్రి హార్డ్‌డిస్కు మేనమామ చేతిలో పెట్టాను. లెక్క వేస్తే, 4.8 వల్ల నాలుగు గంటల పనిలో నాకు మిగిలేది ఓ పాతిక నిమిషాలు. దానికోసం రైలు చార్జీ, రిపేరు ఖర్చు, నాలుగు రోజుల పని. తర్వాత యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించి, అదే కొత్త బయోస్ మళ్లీ ఎక్కించాను. దానితో ఏ పేచీ లేదు.

మీకు చల్లని గది ఉండి ఉండవచ్చు, కాదనను. అయినా వెనక్కి వెళ్లే ముందు ఒకటి గుర్తుంచుకోండి. మైక్రోకోడ్ ప్రాసెసర్‌లో శాశ్వతంగా ఉండదు, బూట్ అయిన ప్రతిసారీ కొత్తగా ఎక్కుతుంది. బయోస్ ఎక్కించిన దానికంటే కొత్తది విండోస్ దగ్గర ఉంటే అది కూడా ఎక్కిస్తుంది. అంటే బయోస్ వెనక్కి తిప్పినా మీరు వదిలించుకోవాలనుకున్నది వదలకపోవచ్చు.

మీది ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే వెనక్కి వెళ్లే ఆలోచన మానుకోండి. వాటిలో కొన్ని మోడళ్లు అవసరానికి మించి వోల్టేజీ అడిగి తమను తామే పాడుచేసుకుంటున్నాయని 2024లో తేలింది. ఆ ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ ఆ అడుగుడును 1.55 వోల్టుల దగ్గర ఆపింది, సెప్టెంబరులో 0ఎక్స్12బీ వచ్చింది. ఇవి మున్ముందు చెడిపోకుండా కాపాడతాయి తప్ప, చెడినదాన్ని బాగుచేయవు. ఆ మోడళ్లకు ఇంటెల్ వారంటీ రెండేళ్లు పెంచింది, కనుక మీది డీఫాల్ట్ (కంపెనీ పెట్టిన) సెట్టింగులలో కూడా రీస్టార్ట్ అవుతుంటే బయోస్‌తో కుస్తీ పట్టకుండా వారంటీకి పంపండి. ఏఎండీ 7000 ఎక్స్3డీ వాళ్లకూ ఇదే మాట. 2023లో కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాక, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు వెళ్లే ఎస్ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులకు కట్టడి చేస్తూ బయోస్‌లు వచ్చాయి. వాటికి ముందరి వెర్షన్‌కు వెళ్లడమంటే కట్టు విప్పడమే.

వెనక్కి వెళ్లడం ఎప్పుడూ తప్పే అనను. స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపం కోసం తెచ్చిన మైక్రోకోడ్ వల్ల కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతున్నాయని, దాన్ని వేయడం ఆపమని 2018 జనవరిలో ఇంటెల్ తానే చెప్పింది. అలాంటి ప్రకటన మీ బోర్డుకు వచ్చి ఉంటే నిశ్చింతగా వెళ్లండి.

లేకపోతే అన్నీ డీఫాల్ట్‌లో పెట్టి రెండు రోజులు వాడి చూసి, ఇవి రాయండి: ప్రాసెసర్ ఏది, రీస్టార్ట్ అయ్యే ముందు ఉష్ణోగ్రత ఎంత, మీ క్యాబినెట్ ఏ గోడ పక్కన ఉంది.