అమ్మడికి, ఆ నవల మీద కత్తెర పెట్టే ముందు

డాబాగార్డెన్స్,
విశాఖపట్నం

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

ఆ నవలని ఎనిమిది ఎపిసోడ్ల వెబ్ సిరీస్‌గా రాసే పని నీకిచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమే. కానీ కాస్త భయం కూడా వేసింది. నా అద్దె పుస్తకాల షాపులో మూడుసార్లు అట్ట మార్పించుకున్న పుస్తకమది.

ఇరవై రెండేళ్లు ఆ కౌంటర్ వెనక కూర్చున్నాను. తిరిగొచ్చిన పుస్తకాన్ని బల్ల మీద పెడితే దానంతటదే ఒకచోట తెరుచుకుంటుంది. అక్కడ కుట్టు వదులైపోయి ఉంటుంది, పక్కన పెన్సిల్ గీత, ఎవరిదో కాఫీ మరక, ఒక్కోసారి సిటీ బస్సు టికెట్టు. నీ పని అక్కణ్ణించి మొదలెట్టు. కొత్త ముద్రణ కొనకు. చేతులు మారిన పాత కాపీ సంపాదించు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూడు.

మార్పులు చేస్తే అభిమానులు కోప్పడతారని నీకెవరైనా చెప్పుంటే నమ్మకు. 'చక్రభ్రమణం' నవల 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' నవల 1984లో 'ఛాలెంజ్' సినిమా అయింది. పేరు మారినా జనం చూశారు. అంతెందుకు, గురజాడవారే 1897లో అచ్చైన 'కన్యాశుల్కా'న్ని 1909 నాటికి దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. కాబట్టి పాత్రలు తగ్గించు, రెండు పెళ్లిళ్లు ఒకటి చెయ్యి, ఎవరూ ఏడవరు. పుస్తకం తెరుచుకునే ఆ చోటు జోలికి మాత్రం వెళ్లకు.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నదే. ముప్పై ఏళ్ల కిందట ఓ నాటక సమాజం వాళ్లు ఒక నవలని స్టేజీకి రాసిపెట్టమన్నారు. అందులో ఓ సన్నివేశం ఉంది. అత్తింటి నుంచి వచ్చేసిన పిల్ల పెరట్లో నూతి దగ్గర కాళ్లు కడుక్కుని, ఎవరైనా లోపలికి రమ్మంటారేమోనని గుమ్మం బయట నిలబడుతుంది. మాటల్లేవు, ఏమీ జరగదు. గంటన్నరలో ముగించాలి కదా అని తీసేశాను. చప్పట్లు బాగానే పడ్డాయి. మర్నాడు సాయంత్రం మా పాత ఖాతాదారు టీచరమ్మ షాపుకొచ్చి, ఆ నవల అడిగి తీసుకుని, కౌంటర్ మీద ఆ పేజీ తెరిచి నావైపు తిప్పారు. "కథంతా చెప్పారు బాబూ. ఈ పిల్లని బయట నిలబెట్టడం మరిచిపోయారు" అన్నారు. ఆ తర్వాత ఆవిడ మా నాటకం ఒక్కటీ చూళ్లేదు.

సంఘటనలు తెరకి సులువుగానే ఎక్కుతాయమ్మా. జారిపోయేది ఇలాంటి మౌనమే. దాన్ని డైలాగుగా మార్చకు, వెనక నుంచి గొంతు పెట్టి చెప్పించకు. కెమెరాని ఓ నిమిషం అక్కడే ఉంచమని డైరెక్టరుతో పోట్లాడు.

ఇంకోటి. నీ నవలలో ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మే ఆవిడ భాష అందరికీ అర్థమయ్యేలా మార్చమన్నారట! "బేగెల్లి బేగొచ్చీ" అనే మనిషి చేత "త్వరగా వెళ్లి వచ్చేయ్" అనిపిస్తే మన ఊరివాడు మొదటి ఎపిసోడ్‌లోనే టీవీ కట్టేస్తాడు. రావిశాస్త్రిగారు ఈ ఊరి మాట రాస్తే తెలుగువాళ్లంతా చదివారా లేదా? అలాగని యాసని నవ్వులకి మాత్రం వాడుకుంటే అది ఇంకా పెద్ద అవమానం. సినిమాలు మన మాటని ఇప్పటికే పనివాళ్లకీ కమెడియన్లకీ అంటగట్టాయి. కోపమొచ్చినప్పుడూ ప్రేమ పుట్టినప్పుడూ కూడా ఆవిడ అదే భాషలో మాట్లాడాలి.

నటీనటుల ఎంపిక ఎలాగూ నీ చేతిలో ఉండదు, దాని గురించి నిద్ర పాడుచేసుకోకు. పోస్టర్ మీద వేసే మాట దగ్గర మాత్రం గట్టిగా నిలబడు. ముగింపు మారిస్తే "నవల ఆధారంగా" అని వేయించు, ఇంటర్వ్యూల్లో ముందే చెప్పించు. ఉన్నదున్నట్టు తీశామని ఊరించి వేరేది చూపించినప్పుడే పాఠకుడికి మోసపోయాననిపిస్తుంది. "పుస్తకం చదవనివాళ్ల కోసం తీస్తున్నాం" అని మీవాళ్లెవరూ నోరు జారకుండా చూసుకో. మొదటి రోజు చూసి పదిమందికి చెప్పేది ఆ చదివినవాళ్లే.

షాపు మూసేసినప్పుడు పుస్తకాలన్నీ ఇచ్చేశాను గానీ ఆ నవల కాపీ ఒకటి ఉంచుకున్నాను. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్లు. బల్ల మీద పెట్టి వదిలెయ్, ఎక్కడ తెరుచుకుంటుందో నువ్వే చూస్తావు. అట్ట ఊడిపోతోంది, బస్సులో జాగ్రత్త.

మీ మావయ్య