పికప్‌ను ఎత్తు చేయిస్తే దుకాణం బిల్లు కాపాడుతుందా?

సందేహం: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపూర్ దగ్గర పల్లె. నాకు పసుపు బోర్డు బొలెరో పికప్ ఉంది, నేనే నడుపుకుంటాను. సంతల్లో చింతపండు, అల్లం ఎక్కించుకుని కురుపాం మీదుగా పార్వతీపురం తీసుకెళ్తాను. కొండ ఊళ్ల దారుల్లో బండి అడుగు రాళ్లకు తగులుతోంది. విశాఖలో ఒక దుకాణం వాళ్లు మూడు అంగుళాలు లేపే సస్పెన్షన్ లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు వేస్తామన్నారు. జీఎస్టీ బిల్లు ఇస్తాం, ఆర్టీఓ ఏమీ అనడు అంటున్నారు. పదివేలు అడ్వాన్స్ ఇచ్చాను. వేయించుకోవచ్చా? ఇన్సూరెన్స్ పోతుందా?

సలహా: వేయించుకోవద్దు. జీఎస్టీ బిల్లు మీరు డబ్బు కట్టారనడానికి సాక్ష్యం, అంతే. బండిని మార్చడానికి అది అనుమతి కాదు. పైగా రేపు కేసు అయితే మార్పు చేయించింది మీరేనని ఆ బిల్లే చెబుతుంది.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. బండి నిర్మాణంలో మార్పు వచ్చి, దాని మౌలిక లక్షణం మారితే దాన్ని చట్టం మార్పుగా లెక్కిస్తుంది. చిన్నాచితకా మార్పులు పర్వాలేదన్న వాదన కొంతకాలం నడిచింది. కేరళ నుంచి వెళ్లిన జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్చడానికి వీల్లేదంది.

ఆర్సీలో సస్పెన్షన్ ఎత్తు అంగుళాల్లో రాసి లేదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, లిఫ్ట్ కిట్ ఒక్కదాని విషయంలో కోర్టులో వాదించడానికి కొంత చోటుంది. కానీ కురుపాం దగ్గర మిమ్మల్ని ఆపిన ఇన్‌స్పెక్టర్ ముందు ఆ వాదన పనికిరాదు. టైర్లకైతే ఆ చోటు కూడా లేదు. రవాణా వాహనం రిజిస్టర్ చేసేటప్పుడు టైర్ల సంఖ్య, రకం, సైజు, మొత్తం బరువు, ఇరుసు బరువు నమోదు చేయాలని 58వ సెక్షన్ చెబుతోంది. సైజు మారిస్తే తేడా కాగితం మీదే కనిపిస్తుంది.

శిక్ష 182ఎ(4)లో ఉంది: ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. కిట్‌కు ఒకటి, టైర్లకు ఒకటి అని విడివిడిగా లెక్క కట్టవచ్చు. ఇది కేంద్ర చట్టం కాబట్టి సరిహద్దుకు ఇటైనా అటైనా ఒకటే. మీకు ధైర్యం చెబుతున్న దుకాణదారు కూడా తప్పించుకోలేడు. చట్టం ‘డీలర్’ అనే మాటలో రిపేర్ చేసేవారినీ కలిపింది, వారికి శిక్ష ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ సంగతి అతనికి చెప్పి చూడండి, ధైర్యం ఎంతసేపు ఉంటుందో తెలుస్తుంది.

ఇక ఇన్సూరెన్స్. మీ బండి వల్ల ఎవరికైనా గాయమైనా, ప్రాణం పోయినా కంపెనీ ఏయే కారణాలతో తప్పుకోవచ్చో అదే మోటారు వాహనాల చట్టంలోని 150వ సెక్షన్ జాబితా ఇచ్చింది. బండి మార్పు అందులో లేదు. కాబట్టి బాధితుడికి పరిహారం అందుతుంది. దెబ్బ తగిలేది మీ సొంత బండి క్లెయిమ్‌కే. సర్వేయర్ వచ్చి మూడు అంగుళాల కిట్ చూశాడంటే, కంపెనీకి చెప్పకుండా మార్చారని రాస్తాడు. క్లెయిమ్ తిరస్కరిస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. పాలసీ షరతు ఉల్లంఘన ఉన్నా కొంత శాతం తగ్గించి చెల్లించాలన్న దారిని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు చూపింది. కానీ ప్రమాదానికి ఆ మార్పే కారణమని తేలితే ఆ దారీ కష్టమే.

అలా తేలడానికి అవకాశం బాగానే ఉంది. చాలా పికప్‌లలో వెనక ఇరుసు దగ్గర లోడును బట్టి బ్రేక్ ఒత్తిడిని సర్దే వాల్వ్ ఉంటుంది. ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య దూరాన్ని బట్టి అది లోడు అంచనా కడుతుంది. కిట్ వేసి దూరం పెంచితే, నిండు లోడుతో ఉన్నా బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. ఘాట్ దిగేటప్పుడు ఇలా జరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. బరువు కేంద్రం పైకి పోవడం, ఇంజిన్ శక్తిని వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారడం, బ్రేక్ హోస్ పైపులు లాగినట్టు బిగుసుకోవడం దీనికి అదనం. ఇవన్నీ సర్ది చేసే మెకానిక్‌లు ఉన్నారు, కాదనను. కానీ ఎంత బాగా సర్దినా ఆర్సీ మారదు.

అసలు రాళ్లకు తగిలేది ఏ భాగమో ముందు బండి కింద పడుకుని చూడండి. వెనక ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ తగులుతుంటే లిఫ్ట్ కిట్ వల్ల లాభమే లేదు. అది ఛాసిస్‌ను లేపుతుంది, ఇరుసును కాదు. ఛాసిస్ తగులుతుంటే కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) వాలిపోయి ఉండవచ్చు. కంపెనీ చెప్పిన రకం పట్టీలే, అన్నే వేయించి బండిని దాని పాత ఎత్తుకు తెస్తే అది రిపేర్ అవుతుంది, మార్పు కాదు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే సైజులో మట్టిదారికి పనికొచ్చే గట్టి గాడుల టైర్లూ దొరుకుతాయి. లోడు సంగతి మీ ఉత్తరంలో లేదు. ఆర్సీలోని మొత్తం బరువుకు మించి సంత సరుకు ఎక్కిస్తున్నారేమో మీకే తెలియాలి. కిట్ వేసినా ఆ పరిమితి పెరగదు. ఓవర్‌లోడ్‌కు జరిమానా రూ.20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ రూ.2,000.

బండి మీద ఫైనాన్స్ ఇంకా ఉంటే అగ్రిమెంట్ తీసి చదవండి. వారి రాతపూర్వక అంగీకారం లేకుండా మార్పులు చేయరాదన్న షరతు సాధారణంగా ఉంటుంది.

అడ్వాన్స్ సంగతి: పని మొదలుపెట్టకముందే వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా రద్దు చెప్పండి. చట్టం అనుమతించని పని కాబట్టి చేయించుకోవడం లేదు, పదివేలు వెనక్కి ఇవ్వండి అని రాయండి. ఫోన్‌లో మాట్లాడి ఊరుకోవద్దు. ఇవ్వకపోతే విశాఖ తిరగక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే రాయగడ కమిషన్‌లో, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. పసుపు బోర్డు బండి కదా, వ్యాపారం అంటారేమో అని భయపడవద్దు. బతుకుతెరువు కోసం స్వయంగా నడుపుకునేవారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. రసీదు తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం జత చేయండి.