పికప్ వెనుక షాకబ్జర్ కారుతోంది: ఒకటి మార్చాలా, రెండూ మార్చాలా?

మీ పికప్‌కు వెనుక ఎడమవైపు షాకబ్జర్ (షాక్ అబ్జార్బర్) నుంచి నూనె కారుతోందనీ, అది ఒక్కటే మారిస్తే చాలునా, లేక తెలిసినవారు చెబుతున్నట్టు కమాను కట్టలో (ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగు) ఇంకో పట్టీ వేయించాలా అనీ అడిగారు. రెండు షాకబ్జర్లూ ఒకేసారి మార్చండి. పట్టీ మాత్రం వేయించకండి. మదనపల్లె చుట్టుపక్కల పొలాల నుంచి మార్కెట్‌కు టమాటా చేరవేస్తూ పదకొండేళ్లుగా బొలెరో పికప్ నడుపుతున్నాను. పట్టీ వేయించే పొరపాటు నేను చేసి నష్టపోయాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పట్లో లోడుతో గుంత దాటిన ప్రతిసారీ బండి వెనుకభాగం రెండు మూడుసార్లు ఊగేది. అడుగు వరుస క్రేట్లలో కాయలు నలిగి, మండీలో దింపేసరికి రసం కారుతుండేది. ఆ నష్టం రైతుది. బరువుకు కమాను కుంగుతోందనుకొని ఒక పట్టీ అదనంగా వేయించాను. నిజానికి బరువు మోసేది కమాను కట్ట, ఊగకుండా ఆపేది షాకబ్జర్. కమాను ఒకసారి వంగి లేచిందంటే తనంత తాను వెంటనే ఆగదు; షాకబ్జర్ లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా అటూ ఇటూ నెట్టుకుపోతూ ఆ ఊపును వేడిగా మార్చి అణచివేస్తుంది. కట్ట గట్టిపడేకొద్దీ దాన్ని అణచడానికి ఇంకా బలమైన షాకబ్జర్ కావాలి. నా బండికి ఉన్నవేమో అప్పటికే చచ్చినవి. ఒకరోజు తిరుపతిలో సరుకు దింపి ఖాళీగా తిరిగివస్తుండగా, భాకరాపేట ఘాట్‌లో వానకు తడిసిన మలుపు దగ్గర బ్రేకు వేస్తే, వెనుక చక్రాలు ఎగిరెగిరి పడుతూ బండి పక్కకు జారింది. ఎదురుగా ఏ బండీ లేకపోవడం వల్లే బయటపడ్డాను.

బండి మూలను చేత్తో నొక్కి వదిలి ఊపు చూసే పద్ధతి కార్లకు కొంతవరకు పనికొస్తుంది గానీ, ఖాళీ పికప్ కమాన్లు మనిషి బరువుకు వంగవు. కిందికి వంగి కళ్లతో చూడటమే మేలు. షాకబ్జర్ గొట్టం మీద పల్చటి తేమ ఉంటే భయపడనవసరం లేదు. నూనె ధారగా దిగి దానికి మట్టి పేరుకుపోయి ఉంటే లోపలి సీలు పోయినట్టే. టైరును చుట్టూ తడమండి, అక్కడక్కడా గుంటలుగా అరిగి చేతికి ఎత్తుపల్లాలు తగిలితే అదీ షాకబ్జర్ పోయిన గుర్తే కావచ్చు. ఒకటే కారుతున్నా రెండోదీ అంతే దూరం తిరిగింది. ఒకవైపు కొత్తది, మరోవైపు పాతది ఉంటే యాక్సిల్ (వెనుక చక్రాల ఇరుసు) రెండు చివరలూ రెండు తీరులుగా కదులుతాయి.

ఇక మార్చే పని. ముందురోజు రాత్రే నట్లను వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. చాలా పికప్‌లకు వెనుక చక్రాలు నేలమీద ఉండగానే షాకబ్జర్లు విప్పవచ్చు. చదునైన చోట గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. ఎత్తక తప్పకపోతే జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. యాక్సిల్‌ కింద కూడా ఆనిక ఉండాలి, లేకుంటే అది కిందికి వేలాడి బ్రేకు గొట్టాన్ని లాగేస్తుంది. కొత్త షాకబ్జర్ గ్యాస్ లేని నూనె రకమైతే, నిటారుగా నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగండి. కొట్టులో పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి దానితో తొలగుతుంది. షాకబ్జర్‌లోకి వెళ్లి వచ్చే మెరిసే కడ్డీని ఎట్టి పరిస్థితిలోనూ పట్టకారుతో పట్టకండి, ఒక్క గీత పడినా సీలును కోసేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది పట్టించుకోనిది, చివరి బిగింపు. మొదటిసారి నేను చక్రాలు గాలిలో వేలాడుతుండగానే నట్లు పూర్తిగా బిగించాను. బండి దించగానే షాకబ్జర్ చివరల్లో ఉండే రబ్బరు బుష్‌లు మెలితిరిగిన స్థితిలో ఉండిపోయి, కొన్ని నెలలకే చీలి కిర్రుమనసాగాయి. అందుకే ముందు వదులుగా తగిలించి, బండి బరువు చక్రాల మీద పడిన తర్వాతే, కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కొలతకు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించండి. బుష్‌లకు గ్రీజు గానీ ఇంజన్ ఆయిల్ గానీ పూయకండి, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి చూడండి.

నేను అదనపు పట్టీ తీయించి, రెండు షాకబ్జర్లూ కొత్తవి వేశాక, అవే గుంతల దారిలో అడుగు వరుస కాయలు చెక్కుచెదరకుండా దిగుతున్నాయి. పాతవాటిని వెల్డింగ్ షాపులో కోయించే ప్రయత్నం మాత్రం చేయకండి, లోపల ఒత్తిడితో గ్యాస్ ఉండవచ్చు.