ఇంజిన్ లైటు వచ్చిందని కాయిళ్లు నాలుగూ కొనకు

నర్సంపేట నుంచి వచ్చి డాలస్‌ల ఎమ్మెస్ చేస్తున్న తమ్ముడు అడిగిండు: "అన్నా, సెకండ్ హ్యాండ్ కారు కొన్న. సిగ్నల్ కాడ ఆగితే వణుకుతున్నది, పికప్ లేదు, ఇంజిన్ లైటు వచ్చింది. గ్యారేజోళ్లు కాయిళ్లు, ప్లగ్గులు మొత్తం మార్చాలని 600 డాలర్లు చెప్పిన్రు. మా బాపు వరంగల్‌ల తెలిసిన మెకానిక్‌ను అడిగితే, ఇంజిన్ నడుస్తుండంగనే ఒక్కో కాయిల్ గుంజి చూడుమన్నడట. ఏం చెయ్యాలె?"

ముందుగాల, బాపు చెప్పింది మాత్రం చెయ్యకు. మెకానిక్‌ది తప్పనను. ప్లగ్గు వైర్లున్న పాత బండ్లకు మనకాడ అట్లనే పట్టేటోళ్లు: వైరు గుంజినా చప్పుడు మారలేదంటే ఆ సిలిండర్ పని చేస్తలేనట్టు. ప్లగ్గంటే సిలిండర్‌ల పెట్రోలుకు నిప్పంటించేది, కాయిలంటే దానికి పెద్ద కరెంటు ఇచ్చేది. ఇప్పటి కార్లల్ల ప్రతి ప్లగ్గు మీద ఒక కాయిల్ కూసుంటది. అండ్ల పుట్టే కరెంటు 20,000 వోల్టులు దాటుతది. నడుస్తుండంగ గుంజితే దానికి తొవ్వ దొరకదు; కాయిల్ లోపలి ఎలక్ట్రానిక్స్‌నన్న కాలుస్తది, నీ చెయ్యినన్న పట్టుకుంటది.

లైటు ఊకె వెలుగుతున్నదా, కొట్టుకుంటున్నదా? కొట్టుకుంటే బండి పక్కకు పెట్టు. కాలని పెట్రోలు సైలెన్సర్ దిక్కు పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ల మండుతది. అది మార్చాలంటే చాలా కార్లకు వెయ్యి డాలర్లు దాటుతది, కాయిల్ దాని ముందట ఏ మూలకు?

1996 మోడల్ నుంచి అమెరికా కార్లకు స్టీరింగ్ కింద ఓబీడీ-2 సాకెట్ ఉంటది; కారు కంప్యూటర్ పట్టుకున్న తప్పుల కోడ్‌లు అండ్ల నుంచి చదవొచ్చు. చిన్న రీడర్ కొనుక్కో, లేకుంటే విడిభాగాల దుకాణపోళ్లు చాలా ఊర్లల్ల ఉచితంగనే చూసి చెప్తరు. పి0303 అనే కోడ్ వచ్చిందనుకో, మూడో సిలిండర్‌ల మంట తప్పుతున్నదని అర్థం. అంతే. కాయిల్ పోయిందని అది చెప్పలేదు, గ్యారేజోళ్లు చెప్పిన్రు. పి0353 వస్తే మూడో కాయిల్ సర్క్యూట్‌ల తేడా ఉన్నట్టు, అప్పుడు ముందు వైర్లు చూడాలె.

ఇంజిన్ బందు పెట్టి, సల్లారనియ్యి. అడ్డంగ కూసున్న నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు మామూలుగ బెల్టు దిక్కుది ఒకటో సిలిండర్. మూడోదాని కనెక్టర్ లాకు మెల్లగ నొక్కి తియ్యి. ఏండ్లు వేడికి ఉడికిన ప్లాస్టిక్, గట్టిగ ఒత్తితే పుటుక్కున ఇరుగుతది. బోల్టు తీసి, కాయిల్‌ను జర అటిటు తిప్పి నిట్టనిలువుగ పైకి గుంజు. కాయిల్ కింది రబ్బరు తొడుగు (బూటు) మీద నల్లటి గీత కనబడితే కరెంటు పక్కకు దుంకుతున్నట్టు. ప్లగ్గు కూసుండే గుంతల ఆయిల్ ఉంటే పైన సీలు పోయినట్టు. అది బాగు చెయ్యకుంట కొత్త కాయిల్ పెడితే దానికీ అదే గతి.

ఇప్పుడు ఆ కాయిల్ రెండోదాంట్ల, రెండోది మూడోదాంట్ల పెట్టి, కోడ్ తుడిచి ఒక చక్కర్ కొట్టు. పి0302 వచ్చిందా, కాయిలే. ఆ ఒక్కటే కొను. మళ్ల పి0303 అంటే కాయిల్ మంచిదే. ప్లగ్గును గూడ అట్లనే మార్చి చూడు. దాంతోని గూడ కోడ్ వేరే సిలిండర్‌కు మారకుంటే వైరింగ్, ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మేది), కంప్రెషన్ (సిలిండర్‌ల ఒత్తిడి) మిగిలినయి.

వైరింగ్ సంగతి కొంచెం నిదానంగ. ఉదాహరణకు టయోటా కాయిళ్లకు నాలుగు తీగలు: ఒకటి 12 వోల్టుల కరెంటు, ఒకటి ఎర్తు, ఒకటి కంప్యూటర్ నుంచి వచ్చే హుకుం, ఒకటి 'నిప్పు కొట్టిన' అని తిరిగి కంప్యూటర్‌కు పోయే కబురు. కనెక్టర్ తీసి, తాళం ఆన్ చేసి, మల్టీమీటర్‌తోని కరెంటు తీగ, ఎర్తు తీగల నడుమ చూడు, బ్యాటరీ అంత వోల్టేజీ ఉండాలె. హుకుం తీగకు బల్బు టెస్టర్ పెట్టకు, కంప్యూటర్‌కే దెబ్బ. లోపల ఎలక్ట్రానిక్స్ ఉన్న కాయిల్‌కు ఓమ్స్ కొలిచి మంచిచెడ్డ చెప్పుడు గూడ దండగ.

కనెక్టర్ ఇరిగితే తీగలతోని వచ్చే కొత్త కనెక్టర్ దొరుకుతది. బ్యాటరీ మైనస్ తీసి, ఒక తీగ కోసి, అది అతికినంకనే రెండోది కొయ్యి. రంగులు కలవకపోవచ్చు, కనెక్టర్‌ల ఏ స్థానం తీగ ఆ స్థానానికే కలుపు. క్రింప్ చేసి (లోహపు గొట్టంల పెట్టి నొక్కి), వేడికి బిగుసుకునే ష్రింక్ ట్యూబు తొడిగి వేడి చెయ్యి. మెలేసి నల్ల టేపు చుట్టుడు వద్దు. ఇంజిన్ వేడికి టేపు జిగురు కారి ఊడుతది.

మీ కౌంటీల ఎమిషన్ టెస్టు (పొగ పరీక్ష) ఉంటే, కోడ్ తుడిచినంక వెంటనే పోకు. కారు కంప్యూటర్ తన పరీక్షలు మళ్ల పూర్తి చేసుకునేదాక 'రెడీ కాలే' అని తిప్పి పంపిస్తరు. కొన్ని దినాలు హైవే మీద, ఊర్లె నడిపి పో.