మీరడగండి, చెప్తం: ఫ్రెంచ్ రెడ్ వైన్ ఎన్నేండ్లు దాయాలె?

ప్రశ్న: అన్నా నమస్తే. మా మేనల్లుడు ఫ్రాన్స్‌ల చదువుకొని మొన్ననే వచ్చిండు, వస్తా వస్తా నాకోసం ఒక రెడ్ వైన్ సీసా తెచ్చిండు. లేబుల్ మీద బోర్డో, పొయాక్, 2016 అని ఉంది. "మామా, ఇప్పుడే తాగకు, దాచిపెట్టు, ఎంత పాతగైతే అంత మంచిగైతది" అన్నడు. బీరువా మీద పెట్టిన. నిజంగనే మంచిగైతదా? అసలు లోపల ఏం మారుతది? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అన్నా, ముందుగాల ఆ సీసాను బీరువా మీదికెల్లి దించున్రి, మిగతా ముచ్చట తర్వాత. మన నల్లగొండ జిల్లాల ఎండాకాలం 43, 44 డిగ్రీలు కొడ్తది, స్లాబు కింద బీరువా మీద ఎట్లుంటదో మీకే తెలుసు. వైన్ దాచేటోళ్లు కోరుకునేది 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, అదిగూడ ఏడాది పొడుగునా ఒక్కతీరుగ ఉండాలె, చీకట్ల ఉండాలె, బిరడా ఎండిపోకుండ సీసాను పండబెట్టి ఉంచాలె. వేడికి వైన్ ఉబ్బి బిరడాను పైకి నూకుతది, సందులకెల్లి గాలి పోతది, పండ్ల వాసన పోయి ఉడికిన జామ్ వాసనొస్తది. వేడిల పెడితే తొందరగ పాతగైతది గదా అనుకుంటరు కొందరు, కానీ అట్ల అయ్యేది పాతబడుడు కాదు, చెడిపోవుడు.

ఇగ మీ సీసా సంగతి. పొయాక్ అంటే బోర్డో ప్రాంతంల జిరోండ్ నది ఎడమ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 1855ల పారిస్ ఎగ్జిబిషన్ కోసం ఆ ప్రాంతం వైన్లకు ర్యాంకులిచ్చిన్రు. ఇయ్యాల మొదటి ర్యాంకుల ఉన్న ఐదు తోటలల్ల మూడు, లఫీట్, లాటూర్, మూటోన్, ఈ ఒక్క ఊర్లనే ఉన్నయి (మూటోన్‌కు మాత్రం ఆ ర్యాంకు 1973ల వచ్చింది). అక్కడ ఎక్కువ వాడేది కాబర్నే సావిన్యాన్ ద్రాక్ష. చిన్న పండు, మందం తోలు. రెడ్ వైన్‌కు రంగు, వగరు వచ్చేది ఆ తోలు నుంచే, రసాన్ని తోలుతోని కలిపి నానబెడ్తరు కాబట్టి. వగరు కొంత గింజల నుంచి గూడ వస్తది. ఆ వగరునే టానిన్ అంటరు. 2016 బోర్డోకు చాలా మంచి ఏడు, అందుకే మీ అల్లుడు దాచమన్నడు, దాచమనుడుల తప్పులేదు.

లేతగున్నప్పుడు ఈ వైన్ రంగు ముదురు ఊదా, దాదాపు నలుపు. ముక్కుకు నల్ల పండ్ల వాసన, బ్లాక్‌కరంట్, ప్లమ్, దాని ఎనక 225 లీటర్ల కొత్త ఓక్ పీపాల నుంచి వచ్చిన వెనీలా, లవంగం, కొద్దిగ కాలిన కట్టె వాసన. తియ్యదనం అస్సలుండదు, చక్కెరంతా పులిసి ఆల్కహాల్ అయిపోతది, మన దగ్గర చాలామంది వైనంటే తియ్యగుంటదని అనుకొని మొదటి గుటకకే మొఖం ముడుస్తరు. నోట్లో పోసుకున్నంక దోర నేరేడుపండు తిన్నట్టు నాలుక, చిగుళ్లు ఎండుకపోతయి. ఉమ్మిల ఉండే ప్రొటీన్లను టానిన్ పట్టుకుంటది, దాంతోని నోట్ల జారుడుతనం పోతది, అందుకే ఆ పొడిదనం.

ఏండ్లు గడిచినకొద్దీ ఆ టానిన్లు, రంగునిచ్చే పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుంటయి, బిరడా నుంచి వచ్చే అతి కొద్దిపాటి గాలి గూడ అందుకు తోడైతది, బాగ పెద్దగైనవి బరువెక్కి అడుగుకు దిగిపోతయి. అందుకే రంగు పలచబడుతది, ఊదా పోయి ఎరుపైతది, గ్లాసు వంచి తెల్లకాయితం మీద చూస్తే అంచుకు ఇటుక రంగు కనబడ్తది. నోట్ల వగరు మెత్తబడ్తది. వాసన మాత్రం పూర్తిగ వేరే దారి పడ్తది, తాజా పండ్ల వాసన ఎండుపండ్ల వాసనైతది, ఆ తర్వాత దేవదారు చెక్క, పొగాకు, చెప్పుల తోలు, పుట్టగొడుగు, వానకు తడిసిన అడవి మట్టి, ఇవన్నీ ఒకదానెనక ఒకటి పైకొస్తయి. గ్లాసుల పోసి అరగంట ఆగి మళ్ల వాసన చూస్తే ఇంకోటి దొరుకుతది. నాకు ఫ్రెంచ్ రెడ్ వైన్ మీద ఇంత ప్రేమ ఉండడానికి కారణం అదే, ఒక్క సీసాల అన్ని వాసనలు ఉండే తాగుడు పదార్థం నాకింకోటి దొరకలే.

కానీ ఎంత పాతదైతే అంత మంచిది అన్నమాట సగమే నిజం. పులుపు పెద్దగ తగ్గదు, పండు రుచి మాత్రం తగ్గుకుంట పోతది, ఒక దశ దాటినంక పండు పోయి పుల్లని గోధుమరంగు నీళ్లు మిగుల్తయి. దునియాల తయారయ్యే వైన్‌ల ఎక్కువ శాతం రెండు మూడేండ్లల్ల తాగేటందుకే చేస్తరు. బోజొలే నువో అనే ఫ్రెంచ్ వైన్ అయితే పండు తెంపిన ఏడే, నవంబర్ మూడో గురువారం అమ్మకానికి వస్తది, దాన్ని దాచి లాభంలేదు. ఫ్రాన్స్‌లనే ఇంకో ప్రాంతమైన బర్గండీల మంచి వైన్ సంగతి వేరు, అక్కడ పీనో న్వార్ ద్రాక్ష, రంగు మొదటినుంచే పలచన, వగరు తక్కువ, అయినా పులుపు బలంతోని ఏండ్లకేండ్లు నిలబడ్తది. మంచి పొయాక్‌ను 12 నుంచి 20 ఏండ్ల మధ్యల తాగడం నాకిష్టం, పండు ఇంకా పోలేదు, పొగాకు వాసన అప్పటికే వచ్చి ఉంటది. ఇంకా పాతవాటిని మొక్కేటోళ్లున్నరు, నేను వాళ్లతోని ఒప్పుకోను.

వైన్ కోసం చేసిన చిన్న ఫ్రిజ్ ఉంటే దాచున్రి. లేకుంటే మామూలు ఫ్రిజ్‌ల కింది అరల కొన్ని నెలలు పండబెట్టున్రి, దసరాకో, ఇంట్ల పెండ్లికో తీయున్రి. బిరడా లేచినట్టుగానీ, మూతి కాడ జిగట కారినట్టుగానీ కనబడితే ఆగకుండ్రి, ఈ వారమే తీయున్రి.

ప్రశ్న: సార్, మా ఆయనకు దోస్త్ ఇచ్చిన 1998 సెంటెమిలియాన్ సీసా తీస్తే అడుగున నల్లటి మడ్డి ఉంది, రంగు గూడ డికాక్షన్ లెక్కుంది. కల్తీ అనుకొని భయమై తాగలే. – ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: కల్తీ కాదక్కా, పైన చెప్పిన దిగిపోయిన టానిన్లు, రంగు అదే మడ్డి. దాంతోటి సన్న పలుకులు మెరుస్తుంటే అవి టార్టారిక్ ఆమ్లం ఉప్పు, ద్రాక్షల ఉండే ఆ ఆమ్లమే మన చింతపండుల గూడ ఉంటది, ఏ హానీ లేదు. నోటికి ఇసుక తగిలినట్టయితది, చేదొస్తది, అంతే. సెంటెమిలియాన్ బోర్డోలనే నదికి కుడి ఒడ్డు, అక్కడ మెర్లో ద్రాక్ష ఎక్కువ, 1998 ఆ ఒడ్డుకు మంచి ఏడు, కాబట్టి రంగు మారిందని పారబోయకుండ్రి. ఇట్లాంటి సీసాను ఒకరోజు ముందే నిలబెట్టాలె, మడ్డి అడుగుకు చేరుతది. తర్వాత సీసా మెడ ఎనక లైటు పెట్టుకొని నిమ్మళంగ గాజు జగ్గులకు వంచాలె, మడ్డి మెడ కాడికి రాంగనే ఆపాలె. లేత వైన్‌ను గంట రెండు గంటలు గాలికి పెట్టొచ్చు, గింత పాతదాన్ని మాత్రం వంచినంక ఎంబడే తాగాలె, దాని వాసన ఎక్కువసేపు నిలవదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం అది బిరడా నుంచి అంటిన దోషం, ఏం చేసినా పోదు.

ప్రశ్న: అన్నా, దావత్‌ల మటన్ కూరతోని ఖరీదైన బోర్డో తాగినం. మంట తప్ప ఏ రుచీ తెల్వలే. ఇంత పైసలు దేనికి? – ఒక తమ్ముడు, నల్లగొండ

జవాబు: తమ్మీ, తప్పు వైన్‌ది కాదు, కారంది. ఆల్కహాల్, టానిన్ రెండూ మిరపకారం మంటను పెంచుతయి. మటనే పెట్టుకో, మాంసంల ప్రొటీన్, కొవ్వు వగరును మెత్తగ చేస్తయి, కాకపోతే ఉప్పు, అల్లంవెల్లుల్లి, కొద్దిగ మిరియాలతోని వేయించింది పెట్టుకో. ఇంకోటి, రెడ్ వైన్‌ను రూమ్ టెంపరేచర్‌ల తాగాలె అన్నమాట చల్లటి ఐరోపా ఇండ్లల్ల పుట్టింది, వాళ్ల లెక్క 16 నుంచి 18 డిగ్రీలు. మన రూమ్‌ల 35 ఉంటే ఆల్కహాల్ వాసనే ముక్కుకు కొడ్తది. అరగంటో ముప్పావు గంటో ఫ్రిజ్‌ల పెట్టి తియ్యి.

ప్రశ్న: సగం సీసా మిగిలితే ఎన్ని రోజులుంటది? – నాగర్‌కర్నూల్ పాఠకుడు

జవాబు: బిరడా గట్టిగ పెట్టి ఫ్రిజ్‌ల నిలబెడితే లేత వైన్ రెండు మూడు రోజులు. పాతదైతే ఆ రాత్రికే ఒడగొట్టాలె, ఇద్దరితోని అయ్యేటట్టు లేకుంటే ఇంకో ఇద్దరిని పిలువున్రి.