తరగతి గుమ్మం దాటని తర్ఫీదు

ఈసారి ఉపాధ్యాయుల ఉత్తరాలలో మూడింటికి జవాబు ఇస్తున్నాను. మూడూ ఒడిశా సరిహద్దు జిల్లాల హైస్కూళ్ల నుంచి వచ్చినవే. పేర్లు వేయవద్దని ముగ్గురూ కోరారు.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. గుణుపురం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూలులో పద్నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నా పిల్లలలో సగానికి పైగా సవర, కువి మాట్లాడే ఇళ్ల నుంచి వస్తారు. బ్లాకులోను, జిల్లా కేంద్రంలోను, ఫోనులోను కలిపి ఎన్ని శిక్షణలు పూర్తి చేశానో నాకే గుర్తు లేదు. సర్టిఫికెట్లతో ఫైలు నిండింది. తొమ్మిదో తరగతిలో బీజగణితం ఎత్తుకోగానే పిల్లలు చేసే తప్పులు మాత్రం నేను ఉద్యోగంలో చేరిన ఏడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. లోపం నాదా, శిక్షణదా?

జవాబు: లెక్కల మాస్టారై ఉండి, ఒక్క లెక్కయినా చూపకుండా ఉత్తరం రాశారు. ఆ తప్పులేమిటో రాసి ఉంటే నా పని తేలికయ్యేది. రాయలేదు కనుక నేను ఏటా చూసిన తప్పు ఒకటి చెబుతాను. మూడు ఎక్స్ సమానం పన్నెండు అని ఇస్తే, ఎక్స్ సమానం తొమ్మిది అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ అరడజను మందికి తక్కువ ఉండరు. చాలా ఏళ్లు నేను ఆ తొమ్మిదిని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన నాలుగు అని రాసి ఊరుకున్నాను. ఒకనాడు ఒక పిల్లవాడిని దగ్గరకు పిలిచి, ఇది ఎలా వచ్చిందని కోప్పడకుండా అడిగితే, "అటు పోతే గుర్తు మారుతుందని మీరే చెప్పారు కదా సార్, ప్లస్ మూడు అటు పోయి మైనస్ మూడు అయింది" అన్నాడు. వాడు నా సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. మూడుకూ ఎక్స్‌కూ మధ్య ఉన్నది గుణకారమని నేను చెప్పనే లేదు. కంటికి కనిపించని గుర్తు వాడికి మాత్రం ఎలా కనిపిస్తుంది? మర్నాడు ఆ సూత్రాన్ని పక్కన పెట్టి, నల్లబల్ల మీద తక్కెడ గీసి, ఒక పళ్లెంలో సమానమైన మూడు చింతపండు మూటలు, రెండో పళ్లెంలో పన్నెండు కిలోల రాళ్లు పెట్టాను. సంతలో అమ్మకు తోడుగా కూర్చునే పిల్లలకు ఒక్కో మూట ఎంతని వేరే చెప్పనక్కరలేకపోయింది.

ఒక విషయం తెలిసి ఉండడం వేరు, ఆ విషయంలో పిల్లవాడు ఎక్కడ కాలు జారతాడో, ఏ ఉదాహరణ పట్టుకుని లేస్తాడో తెలిసి ఉండడం వేరు. ఈ రెండో జ్ఞానం ఉపాధ్యాయ వృత్తికే ప్రత్యేకమైనదని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ప్రతిపాదించారు. మన శిక్షణలలో చాలావరకు దీని జోలికి రావు. రాష్ట్ర స్థాయిలో కొందరికి నేర్పి, వారిచేత జిల్లాలో మరికొందరికి, వారిచేత బ్లాకులో అందరికీ నేర్పించే పద్ధతిలో ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఉదాహరణలు రాలిపోయి శీర్షికలు మాత్రం మిగులుతాయి. ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు 2021 నుంచి దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో నడిచిన నిష్ఠా అనే శిక్షణ కోర్సులకు ఈ జారుడు బాధ లేదు గాని, మన గుట్టల మీద సిగ్నలు కోసం మేడెక్కి, వీడియోను దాని మానాన దానిని నడవనిచ్చి, చివరి ప్రశ్నలకు పక్కవారిని అడిగి జవాబులు నొక్కినవారు ఎందరో మీకు తెలియనిది కాదు. అందుచేత శిక్షణ పాలు ఎక్కువే. అయితే మీ పాలు కూడా కొంత ఉంది: ఆ పద్నాలుగేళ్లలో మీ పిల్లల నోటుపుస్తకం ఒకటి చంకన పెట్టుకుని, "ఈ తప్పుకు మందేమిటి?" అని ఏ శిక్షణలోనైనా నిలదీశారా?

ముందు ఉపాధ్యాయుని ఆలోచన మారితే, తరువాత బోధన మారి, చివరికి పిల్లల చదువు మారుతుందని అందరం అనుకుంటాం. థామస్ గస్కీ అనే పరిశోధకుడు 1986లోనే ఈ వరుస తలకిందులుగా ఉందన్నారు. కొత్త పద్ధతిని చేసి చూసి, దానివల్ల తన పిల్లలకు వచ్చిందని కళ్లారా చూసిన తరువాతే ఉపాధ్యాయుని నమ్మకం మారుతుందని ఆయన వాదన. తక్కెడ విషయంలో నాకు జరిగింది అదే. కనుక ఈ ఏడాది ఒక్క తప్పును ఎంచుకోండి. అది ఎందరి పుస్తకాలలో ఉందో లెక్కపెట్టి, ముగ్గురిని పిలిచి వారి తర్కం వినండి. పాఠం మార్చి చెప్పండి, మూడు వారాల తరువాత అదే తరహా లెక్క ఇచ్చి మళ్లీ లెక్కపెట్టండి. వీలైతే ఇదంతా పక్క ఊరి హైస్కూలులో లెక్కలు చెప్పే మరొకరితో కలిసి చేయండి, ఎందుకంటే నేర్చుకున్న మెలకువ తరగతిలో నిలబడాలంటే ఉపన్యాసం కంటే పక్కన ఒక తోడు ముఖ్యమని పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలో చూపించారు.

మరొక్క మాట, ఇది మీ ప్రాంతానికి ప్రత్యేకం. ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగి, తానే జవాబు చెప్పడమో మరొకరిని అడగడమో చేస్తాడని అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల రికార్డింగులు విని తేల్చారు. ఆ విరామాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పే పిల్లలు పెరిగారు. ఒడియాలో విని, సవరలో ఆలోచించి, మళ్లీ ఒడియాలో చెప్పవలసిన పిల్లవాడికి ఒక్క సెకను ఏ మూలకు? మీ తరగతిలో నోరు మెదపని పిల్లలకు లెక్క రాదని తేల్చేముందు, మనసులో ఐదు దాకా లెక్కపెట్టి చూడండి. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించడం కష్టంగానే ఉంటుంది.

ప్రశ్న: పర్లాకిమిడి వైపు ఒక హైస్కూలుకు ప్రధానోపాధ్యాయుడిని. పదో తరగతి హెచ్.ఎస్.సి. పరీక్షలో ఎంత శాతం ఉత్తీర్ణులయ్యారన్నదే పైవారు అడుగుతారు. మా బడిలో ఒక సెక్షను ఫలితం ఎప్పుడూ బాగుంటుంది, రెండోది అంతంతమాత్రం. కాని రెండో సెక్షను మాస్టారే బాగా చెబుతారని నాకనిపిస్తుంది. ఉపాధ్యాయుని సమర్థతను కొలిచేదెలా? నా వంతుగా ఏం చేయాలి?

జవాబు: ఆ రెండు సెక్షన్లలోకి పిల్లలను ఎలా విడదీశారో ముందు చూడండి. పట్టణంలో ట్యూషనుకు వెళ్లే పిల్లలు ఒకవైపు, హాస్టలు పిల్లలు మరోవైపు చేరితే, పాసు శాతం మీకు చెప్పేది పిల్లల ఇళ్ల గురించే గాని మాస్టార్ల గురించి కాదు. తొమ్మిదో తరగతిలోకి రాగానే ఆరు, ఏడు తరగతుల స్థాయిలో చిన్న పరీక్ష పెట్టి ఆ కాగితాలు దాచండి. ఏడాది చివర అదే పిల్లలు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో చూస్తే, ఇరవై మార్కుల పిల్లవాడిని నలభైకి తెచ్చిన మాస్టారు, డెబ్బై మార్కుల పిల్లను డెబ్బై రెండుకు తెచ్చిన మాస్టారు ఎవరెవరో తేలుతుంది.

శిక్షణ ఫలితాన్ని కూడా మనం మొదటి మెట్టు దగ్గరే కొలిచి వదిలేస్తాం: భోజనం బాగుందా, హాలు బాగుందా, మాట్లాడినవారు బాగా మాట్లాడారా అని ఫారం నింపిస్తాం. గస్కీ ఐదు మెట్లు చెప్పారు. వచ్చినవారికి నచ్చిందా అన్నది మొదటిది. ఏమైనా నేర్చుకున్నారా, బడి దానికి చోటిచ్చిందా, తరగతిలో వాడారా, పిల్లలకు మేలు జరిగిందా అన్నవి తరువాతివి. మూడోది పూర్తిగా మీ చేతిలో పని. శిక్షణ నుంచి వచ్చిన మాస్టారిని మర్నాడే ఎన్నికల జాబితాల పనికో యూనిఫారాల లెక్కకో పంపితే, ఆ అయిదు రోజుల చదువు బస్సులోనే దిగిపోతుంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయునికి ఏటా కనీసం 50 గంటల వృత్తి అభివృద్ధి ఉండాలంటోంది. నలభై నిమిషాల లెక్కన అది 75 పీరియడ్లు. ఆ గంటలన్నీ ఊరవతలి హాళ్లలోనే గడవాలా అన్నది నా అనుమానం. టైంటేబుల్లో వారానికి ఒక పీరియడు ఇద్దరు ఉపాధ్యాయులకు ఒకేసారి ఖాళీ దొరికేలా చూడండి. ఒకరి తరగతిలో మరొకరు వెనక బెంచీలో కూర్చుని, మాస్టారు ఎవరెవరిని ప్రశ్న అడిగారో పేర్ల పట్టికలో గీతలు పెడితే చాలు. ఎన్నాళ్లుగానో మొదటి రెండు బెంచీలకే పాఠం చెబుతున్నామని ఆ గీతలు చూశాకే తెలిసిన సీనియర్లను నేనెరుగుదును. వారిలో నేనూ ఒకడిని.

ఆ కాగితం మీ బల్ల మీదికి రానివ్వకండి. వచ్చిందంటే అది తనిఖీ అవుతుంది, మరుసటి వారం నుంచి గీతలన్నీ సమానంగా పడతాయి.

ప్రశ్న: బరంపురంలో తెలుగు చెబుతున్నాను. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు వారికి శిక్షణలు ఉన్నాయి గాని, తెలుగు మాస్టార్లకు పిలుపే రాదు. మేము ఎక్కడ నేర్చుకోవాలి?

జవాబు: మీ ఫిర్యాదు న్యాయమైనదే. పదిమంది కూడా లేని గుంపు కోసం విడిగా శిక్షణ పెట్టడానికి ఏ కార్యాలయమూ తొందరపడదు. దీక్షాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల తెలుగు పాఠ్యపుస్తకాలు, పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, అక్కడ మొదలుపెట్టవచ్చు.

అయితే పిలుపు కోసం ఎదురుచూడని మాస్టారు ఒకరు మీ పొరుగునే ఉండేవారు. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చిన్న ఉపాధ్యాయుడిగా చేరి, చుట్టుపక్కల సవరల మాట నేర్చుకోవాలనిపించి, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్లు నడిపారు. 1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే ఆంగ్లేయుడు, పుస్తకాల తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగిన ప్రశ్న వ్యావహారిక భాషోద్యమానికి ఒక ప్రేరణ. (ఇన్‌స్పెక్టర్లు అటువంటి ప్రశ్నలు అడిగే రోజులు కూడా ఉండేవన్నమాట.)

మీ పని ఇంకా దగ్గరలో ఉంది. ఒడియా లిపిలో ఎ, ఏ లకు వేర్వేరు అక్షరాలు లేవు. ఒ, ఓ లకూ లేవు. బడిలో అన్ని పాఠాలూ ఒడియాలో రాసే పిల్లలు తెలుగు గంటలో 'మెడ'ను 'మేడ' అనీ, 'కోన'ను 'కొన' అనీ రాస్తే అది అశ్రద్ధ కాదు, చేతికి అలవాటైన లిపి చేసే పని. విజయవాడలోనో వరంగల్లోనో తయారైన శిక్షణలో ఈ సంగతి రాదు, అక్కడి మాస్టార్లకు ఈ చిక్కే లేదు. మీ పిల్లలు ఇంట్లో ఈ మాటలను సరిగ్గానే పలుకుతారు కనుక, ముందు చెవితో మొదలుపెట్టండి: అటువంటి జంట మాటలు ఇరవై పోగుచేసి, మీరు పలుకుతుంటే మెడ అయితే మెడ పట్టుకోమనండి, మేడ అయితే చెయ్యి పైకెత్తమనండి. రాత ఆ తరువాత. ప్రతి సోమవారం అయిదు మాటలు డిక్టేషను ఇచ్చి తప్పుల సంఖ్య ఒక పుస్తకంలో వేసుకోండి. దసరా సెలవుల దాకా నడిపి, ఆ పట్టిక నాకు పంపితే ఇదే శీర్షికలో ఇతర తెలుగు మాస్టార్లకు అందజేస్తాను.