సోలార్ కంపెనీకి చేను గుత్తకిచ్చే ముందు: అల్లుడికో ఉత్తరం

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన లీజు పేపర్లు మొత్తం చదివినా. ఇవ్వొద్దని చెప్పడానికి రాయడంలా. మన కదిరి చుట్టుపక్కల వాన మీద భారమేసి శెనక్కాయ పెడితే ఎకరాకి ఏం మిగులుతాందో నీకూ తెలుసు నాకూ తెలుసు, ఏటా 30 వేలు ఊరికే చేతికొస్తాదంటే ఎవరికైనా ఆశ పుడతాది. కానీ సర్వీసంతా కరెంటాఫీసులో చేసినోడిని, ఆ కంపెనీకి డబ్బులు యాడ్నుంచి వస్తాయి, యాడ ఆగుతాయి అనేది చూసినోడిని కాబట్టి సంతకం పెట్టకముందే కొన్ని చెప్పాల.

ఈసారి బ్రోకర్ వస్తే రేటు సంగతి పక్కన పెట్టి ముందు ఇది అడుగు, మీ కరెంటు కొనేదెవరు, పీపీఏ అయిందా లేదా, సబ్‌స్టేషన్‌లో కనెక్టివిటీ, అంటే వాళ్ళ లైను కలుపుకునే అనుమతి, వచ్చిందా లేదా అని. పీపీఏ అంటే ఇళ్ళకి చేలకి కరెంటు పంచే డిస్కమో, సెకీ లాంటి కేంద్ర సంస్థో 25 ఏళ్ళు ఫలానా రేటుకి కొంటామని రాసిచ్చే కాగితం, అది లేకుంటే బ్యాంకు లోను ఇవ్వదు, లోను రాకుంటే ప్యానెల్ రాదు, ప్యానెల్ రాకుంటే నీకు గుత్త రాదు. టెండర్ గెలిచి కూడా డిస్కమ్‌లు సంతకం పెట్టక నిలబడిపోయిన ప్రాజెక్టులు దేశంలో వేల మెగావాట్లున్నాయి. ఎందుకు పెట్టరంటే, రేట్లు పడతా వచ్చినాయి కదా, ఇంకొంచెం ఆగితే ఇంకా తగ్గుతాదేమో అని. 2010లో మొదటి సోలార్ మిషన్ వేలంలో యూనిట్ 11, 12 రూపాయలు పలికింది, 2017 ఏప్రిల్‌లో మన కడప సోలార్ పార్కులో 3.15కి వచ్చింది, నెల తిరిగేసరికి రాజస్థాన్ భడ్లాలో 2.44. అందరూ అది చూసి అలవాటు పడిపోయినారు.

పైగా ఇప్పుడు మధ్యాహ్నం సోలార్ కరెంటు పంట ఎక్కువొచ్చిన రోజు మదనపల్లె టమోటా లెక్క అయింది, కరెంటు కొని అమ్ముకునే ఎక్స్ఛేంజ్‌లో పగటి రేటు బాగా పడిపోతాంది, అదే సాయంత్రం ఆరు దాటినాక సీలింగ్, అంటే అంతకు మించకూడదని పెట్టిన హద్దు, 10 రూపాయల దాకా పోయే రోజులున్నాయి. అందుకే నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టింది, పగలు నీళ్ళు పైకి తోడి సాయంత్రం కిందికి వదిలేదానికి. నీ దగ్గరికొచ్చిన కంపెనీ బ్యాటరీ పెడతాందా, ఉత్త ప్యానెలేనా అడుగు. ఉత్త ప్యానెల్ అయి పీపీఏ కూడా లేదంటే నేనైతే తొందరపడను.

ఇంక రాజకీయం. ఇదే అసలు సంగతి. 25 ఏళ్ళంటే అయిదు ఎలక్షన్లు. 2019 జులైలో, కొత్త ప్రభుత్వం వచ్చిన నెలకే, పాత పీపీఏలు తిరగదోడాలని కమిటీ వేసినారు, గాలి కరెంటుకి 4.84 ఇస్తామని పాత ప్రభుత్వం ఉన్నప్పుడు రాసుకున్న ఒప్పందాలుంటే 2.43కి దిగమన్నారు, సోలార్‌కి 2.44 అన్నారు, కంపెనీలు హైకోర్టుకి పోయినాయి, కేంద్రం కూడా వద్దని లెటర్లు రాసింది. చివరికి 2022 మార్చిలో డివిజన్ బెంచి ఒప్పందంలో ఉన్న రేటే ఇవ్వాల, బకాయిలు ఆరు వారాల్లో కట్టాల అని తీర్పిచ్చింది. మూడేళ్ళకు దగ్గర దగ్గర పట్టింది చూడు. ప్రభుత్వం వాదనలో అసలు పస లేదని నేననను, డిస్కమ్‌లు అప్పుల్లో ఉన్నాయి, 2004 నుంచి రైతుకి ఉచిత కరెంటిచ్చి ఆ సబ్సిడీ సొమ్ము టైముకి రాకుంటే ఆఫీసులో జీతాలకే వెతుక్కోవాల, రెండున్నరకి దొరికేదానికి 4.84 ఎందుకు అని అనిపిస్తాది. కానీ మధ్యలో డబ్బు ఆగినప్పుడు కంపెనీ బ్యాంకు కిస్తీ ముందు చూసుకుంటాది, చేనిచ్చినోడు లైన్లో ఆఖరు. అదే ప్రభుత్వం 2021 డిసెంబర్లో సెకీతో 7,000 మెగావాట్లు 2.49కి రాసుకుంటే మళ్ళా దాని మీదా కోర్టులో కేసులు పడినాయి. ఏ పార్టీ వచ్చినా ఇంతేలే.

కాబట్టి నీ కాగితంలో ఒక మాట తెలుగులో కూడా రాయించుకో, అమ్మిన కరెంటుకి డబ్బులు కంపెనీకి వచ్చినా రాకున్నా గుత్త ఆగకూడదు, మూడు నెలలకోసారి ముందే కట్టాల, ఆలస్యమైతే వడ్డీ, రెండు విడతలు తప్పితే లీజు రద్దు చేసే హక్కు నీకుండాల. నువ్వు పంపిన పేపర్లో ఏముందో చూసినావా, కంపెనీ 90 రోజుల నోటీసిచ్చి ఎప్పుడైనా పోవచ్చంట, నువ్వు మాత్రం 25 ఏళ్ళు కదలకూడదంట!

రేటు గురించి ఒక లెక్క చెప్తా విను. ఒక మెగావాట్‌కి అయిదెకరాల దాకా పడతాది, ఏడాదికి 18 లక్షల యూనిట్లు అనుకో, యూనిట్ రెండున్నర చొప్పున 45 లక్షలు. నీ అయిదెకరాల గుత్త లక్షన్నర, అంటే వాళ్ళ రాబడిలో ముప్పయ్యో వంతు. ఇంకో అయిదు వేలు అడిగితే ప్రాజెక్టు మునిగిపోతాది అని బ్రోకర్ అంటే నవ్వి ఊరుకో. కాకపోతే మొదటి ఏడాది రేటు మీద కన్నా పెంపు మీద గట్టిగా కూర్చో. వాళ్ళు రాసినట్టు రెండేళ్ళకోసారి 5 శాతం పెంచితే 30 వేలు 25వ ఏడుకి 54 వేల దగ్గర ఆగుతాది, ఏటా 5 శాతం అయితే 96 వేలు దాటుతాది. ఒక్కడివే పోయి అడగొద్దు, వాళ్ళకి చేలన్నీ ఒకే బ్లాకుగా కావాల, నడుమ ఉన్న నలుగురు కలిసి కూర్చుంటే మాట వింటారు.

సంతకం పెట్టేది బోర్డు మీద కనిపించే పెద్ద కంపెనీ కాదు, ఈ ప్రాజెక్టు కోసమే పుట్టించిన పిల్ల కంపెనీ, దాని మూలధనం కంపెనీల శాఖ వెబ్‌సైట్లో చూడొచ్చు, లక్ష రూపాయలే కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. అందుకే ఒక ఏడాది గుత్త డిపాజిట్‌గా పెట్టించుకో, గడువు అయినాక ప్యానెళ్ళు, సిమెంటు దిమ్మెలు పెరికి చేను చదును చేసేదానికి కూడా విడిగా డబ్బు పెట్టమను. లీజు డీడ్ రిజిస్టర్ చేయించాల, ఖర్చు వాళ్ళదే. నోటరీ కాగితం పనికిరాదు.

బోరు పారే రెండెకరాలు మాత్రం ఇవ్వొద్దు, దాంట్లో నా మాట విను. మిగతాది వ్యవసాయేతరం కింద మారిపోతే పంట లోను, రైతు స్కీములు రాకుండా పోవచ్చు, బ్యాంకులో పాత లోను తీరకుండా అడుగు ముందుకేయొద్దు. మీ అక్క సంతకం లేకుండా అసలు పేపరే కదలకూడదు, ఆమె భాగం ఆమెది. పడమటి చేను ఇన్నేళ్ళు కౌలుకి చేస్తున్నాయనకి ముందే చెప్పు, ఈ పంట తీసుకోనీ, మొదటి ఏడాది గుత్తలో ఆయనకి కొంత ఇచ్చేయి. కంపెనీ వాడికి ఆయన పేరు కూడా తెలీదు, చూసుకోవాల్సింది నువ్వే. గొర్రెలోళ్ళ దారి కంచెలో పడకుండా కూడా అడుగు.

ఇంటి మీద సోలార్ అంటావా, అది వేరే సంగతి, నీకు 3 కిలోవాట్లు చాలు, పీఎం సూర్యఘర్ కింద 78 వేలు సబ్సిడీ వస్తాది, మీ అమ్మ పేరున మీటరుంటే ఆమె పేరుతోనే అప్లై చెయ్యి.

వన్ బీ, అడంగల్, ఈసీ, ఈ భూమి కాగితాలు మూడూ తీసి నాకు ఆదివారం లోపల పంపు. అనంతపురంలో భూముల కేసులు చూసే లాయరమ్మ ఒకామె ఉంది, సోమవారం పోయి చూపిస్తా. అంతదాకా అడ్వాన్స్ అని చెక్కు ఇస్తే తీసుకోవద్దు.

మీ మామ